ఉత్తరకుమారుడి వారసులు: తెలుగు సినిమా హాస్యంలో మగతనం

తెలుగు సినిమా హాస్యం మీద ఇంతవరకు వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం హాస్యనటుల ప్రతిభనూ సంభాషణల చమత్కారాన్నీ మెచ్చుకున్నవే గానీ, ఆ హాస్యం ఎలాంటి మగవాణ్ణి చూసి నవ్వమంటుంది, ఎలాంటి మగవాణ్ణి నవ్వుకు అందకుండా కాపాడుతుంది, మగ ఆడ అనే రెండు గళ్లలో ఇమడని మనుషులను తెరమీదికి తెచ్చినప్పుడు వాళ్లతో ఎలా వ్యవహరిస్తుంది అన్న ప్రశ్నలను పట్టించుకున్నవి తక్కువ. ఇక్కడ మగతనం అంటే పుట్టుకతో వచ్చిన శరీర లక్షణమని కాక, మగవాడు ఇలా నడవాలి, ఇలా మాట్లాడాలి, ఏడవకూడదు, వంటింట్లోకి పోకూడదు, ఆడవాళ్ల ముందు తగ్గకూడదు అని సమాజం పెట్టుకున్న కొలతలన్నిటికీ కలిపి పెట్టిన పేరని తీసుకోవాలి. ఆ కొలతకు మించి గొప్పలు చెప్పుకునేవాణ్ణి చూసి నవ్వవచ్చు, కొలతకు తక్కువపడ్డాడని ఒకణ్ణి చూసీ నవ్వవచ్చు. మొదటి నవ్వు కొలతనే ప్రశ్నిస్తుంది, రెండోది దాన్ని మరింత బిగిస్తుంది. తెలుగు హాస్యచిత్రాల్లో ఈ రెండు నవ్వులూ మొదటినుంచీ ఉన్నాయి, కాకపోతే 1980ల తరవాత రెండోదాని పాలు బాగా పెరిగింది.

సినిమా ఈ నవ్వులను శూన్యంలోంచి పుట్టించలేదు. ఉదాహరణకు, కనిగిరి, పామూరు, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా (తరవాతి ప్రకాశం) ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనూ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనూ ఉండేవి కాబట్టి, ఈ పడమటి ప్రకాశం పల్లెలకు కోస్తా నాటకమూ సీమ జానపదమూ రెండూ చేరాయి. తిరునాళ్లలో తెల్లవార్లూ సాగే పద్యనాటకాలు, కరువు ఏడాది వానల కోసం ఆడించే తోలుబొమ్మలాటలు సినిమా రాకముందే ఇక్కడి జనానికి మోటు హాస్యాన్ని బాగా అలవాటు చేశాయి. తోలుబొమ్మలాటలో రామాయణ భారత కథల మధ్యలో వచ్చే బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు ముగ్గురూ సాగించే సరసాలూ తగాదాలూ పచ్చిగానే ఉంటాయి; అయితే ఆ తగాదాల్లో చివరికి చావుదెబ్బలు తినేది ఎక్కువగా మీసం తిప్పిన మగబొమ్మే, నోరు పెద్దది బంగారక్కదే. శృంగారం గురించి నలుగురిలో మాట్లాడటానికి పల్లె ఒప్పుకున్న చోటు అది, అక్కడ ఆడమనిషి కోరికకూ కోపానికీ కూడా జాగా ఉంది.

ఇంతకంటే పాతదీ, ఇంతకంటే పదునైనదీ విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టం. నెల్లూరు తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో, కౌరవులు ఆవులను తోలుకుపోతున్నారని కబురు వచ్చేసరికి ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చున్న రాకుమారుడు ఉత్తరుడు తనకు సారథి ఒక్కడు దొరికితే భీష్మద్రోణులను కూడా లెక్కచేయనని గొప్పలు చెబుతాడు, తీరా సారథిగా బృహన్నల (ఆడవేషంలో ఉన్న అర్జునుడు) దొరికాక కౌరవసేనను కళ్లారా చూడగానే రథం దిగి పారిపోతాడు. బృహన్నల అతని వెంటపడి, పట్టుకుని, పగ్గాలు అతని చేతికిచ్చి, తాను విల్లు అందుకుంటుంది. వ్యాసుని సంస్కృత మూలంలో ఇంకో వివరం ఉంది: జడ ఊగుతుండగా, చీర రెపరెపలాడుతుండగా పరుగెత్తుతున్న ఆ ఆకారాన్ని చూసి, ఎవరో తెలియక కొందరు కౌరవ సైనికులు నవ్వుతారు. ఆడవేషాన్ని చూసి నవ్వడం శత్రుపక్షం చేసిన తెలివితక్కువ పనిగా కథ చూపిస్తుంది. మగతనం పేరుతో కోసిన కోతలను చూసి నవ్వడం మాత్రం శ్రోతల వంతు. ఉత్తరకుమార ప్రగల్భాలు అన్న మాట తెలుగు నాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

కమలాకర కామేశ్వరరావు 1963లో తీసిన నర్తనశాల ఈ ఘట్టాన్ని తెరకెక్కించింది. అప్పటికే రాముడిగా, కృష్ణుడిగా ఇళ్లలో పటాలకెక్కిన ఎన్.టి. రామారావు అందులో బృహన్నల. ఉత్తరకుమారుడు రేలంగి వెంకట్రామయ్య. జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో కీచకుడిగా ఎస్.వి. రంగారావుకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది కాబట్టి ఈ సినిమా గురించిన మాటలన్నీ కీచకుడి చుట్టూనే తిరుగుతాయి, కానీ హాస్యం గురించి ఆలోచించేవాళ్లు చూడవలసింది రేలంగినీ రామారావునూ పక్కపక్కన పెట్టిన ఆ దృశ్యాలను. నాట్యం నేర్పే గురువుగా బృహన్నల నడక, చేతి ముద్రలు, మాటలోని మెత్తదనం ఏవీ నవ్వు కోసం పెట్టినవి కావు. నవ్వంతా కవచం తొడుక్కున్న రాకుమారుడి మీదే కురుస్తుంది. మగబట్టల్లో భయాన్నీ ఆడబట్టల్లో ధైర్యాన్నీ కూర్చోబెట్టిన ఆ రథం తెలుగు తెర మీద మగతనం గురించి వచ్చిన అత్యుత్తమ హాస్యదృశ్యమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

అంతకు ఆరేళ్ల ముందే, 1957లో, కె.వి. రెడ్డి మాయాబజార్ ఇదే పనిని తలకిందులు చేసి చూపింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాడు కాబట్టి సావిత్రి చేయవలసింది ఆడపిల్ల శరీరంలో ఉన్న రాక్షసుడి వేషం. అహ నా పెళ్లియంట పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు కలిసే చోట సావిత్రి భుజాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, చెయ్యి లేని మీసం మీదికి పోతుంది. మరుక్షణం ఎవరైనా వస్తున్న అలికిడి కాగానే అవన్నీ ముడుచుకుని మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు ప్రత్యక్షమవుతుంది. మగతనమూ ఆడతనమూ రెండూ నేర్చుకుని ఆడే తీరులే అని పుస్తకాలు పేజీలకు పేజీలు రాసే సంగతిని ఆ కొద్ది నిమిషాలు పాటలో చూపించాయి. ఎదురుగా ముస్తాబుల మీద ముస్తాబు చేసుకునే లక్ష్మణకుమారుడు, మళ్లీ రేలంగే, పెళ్లిపీటల మీద మాయాశశిరేఖ ధాటికి బెదిరిపోయి నవ్వులపాలవుతాడు.

ఈ గౌరవానికి ఒక పరిమితి ఉందన్నది దాచకూడదు. బృహన్నల వెనక ఉన్నది అర్జునుడనీ, ఊర్వశి శాపం ఏడాదితో తీరిపోతుందనీ ప్రేక్షకుడికి తెలుసు; ఆ గౌరవం లోపల దాగిన వీరుడికి దక్కిందే తప్ప, మగ ఆడ గీతకు అవతల నిజంగా బతికే మనిషికి దక్కింది కాదు. అయినా అప్పటి రంగస్థలం ఆడవేషాన్ని తక్కువ చేయలేదన్నదీ అంతే నిజం. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా జనాన్ని మురిపించి 1956లో పద్మశ్రీ పొందాడు, కూచిపూడి భాగవతుడు వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపంలో సత్యభామగా, ఉషాపరిణయంలో ఉషగా పేరు పొంది 1970లో అదే గౌరవం అందుకున్నాడు. వాళ్ల వాలుజడనూ వయ్యారాన్నీ జనం చూసింది మెచ్చుకోలుతో.

మరి ఆ చీర నవ్వులాటగా ఎలా మారింది? దీనికి ఒక కారణం కథానాయకుడి స్థానం మారడంలో ఉంది. 1962లో వచ్చిన గుండమ్మ కథలో రామారావు నిక్కరు తొడుక్కుని అంజి అనే పనివాడిగా సూర్యకాంతం ఇంట చేరి, సావిత్రితో కలిసి పిండి రుబ్బుతాడు. అగ్రనటుడు పొత్రం పట్టుకుంటే ఆయన గౌరవానికేమీ లోటు రాలేదు, ఇంటిపని చేసే మగవాణ్ణి చూసి జనం ప్రేమగా నవ్వుకున్నారు. తరవాతి దశాబ్దాల్లో కథానాయకుడు రాను రాను అభిమాన సంఘాల చేతుల్లో విగ్రహంగా బిగుసుకుపోయాడు, అతని భయాలూ తప్పులూ ఓటములూ మోయడానికి పక్కన విడిగా ఒక హాస్యనటుడు కావలసి వచ్చాడు. 2000 తరవాత శ్రీను వైట్ల చిత్రాల్లో బ్రహ్మానందం వేసిన పాత్రలు, ఢీలో చారి, రెడీలో మెక్‌డోవెల్ మూర్తి వంటివి, అచ్చంగా ఉత్తరకుమారుడి వారసులు: తనంత తెలివైనవాడు లేడనుకుని, బింకంగా నడిచి, చివరికి చెంపదెబ్బలు తినేవాళ్లు. తేడా ఒక్కటే, అప్పుడు పక్కనున్నది బృహన్నల, ఇప్పుడు పక్కనున్నది నవ్వు అంటని కథానాయకుడు. బ్రహ్మానందం ముఖంలో మెరిసే అహంకారం, మరుక్షణంలో వచ్చే దిగులు గొప్ప నటన, అందులో సందేహం లేదు. కానీ ఆ అవమానమంతా బట్టతలా బొజ్జా ఉన్న నడివయసు మగవాడికే కట్టబెట్టి, అందగాడికీ కండలున్నవాడికీ మినహాయింపు ఇవ్వడం వల్ల ప్రగల్భాల మీద ఉండవలసిన నవ్వు శరీరాకారం మీదికి జారింది.

ఇలా జారిపోవడం నాటకంలోనూ జరిగింది. కాళ్లకూరి నారాయణరావు 1920ల్లో వేశ్యావ్యామోహాన్ని ఖండిస్తూ రాసిన చింతామణి నాటకం పడమటి ప్రకాశంతో సహా కోస్తా అంతటా దశాబ్దాలపాటు ఆడింది. అందులో చింతామణి మోజులో ఆస్తి పోగొట్టుకునే సుబ్బిశెట్టి పాత్రను కాలక్రమంలో నటులు తమ సొంత మాటలతో పెంచుతూ పోయి, మగవాడి కాముకత్వం మీద ఉన్న వ్యంగ్యాన్ని ఒక కులపు ఆకారం మీద, యాస మీద, వృత్తి మీద వెకిలితనంగా మార్చారు. ఆర్యవైశ్య సంఘాలు ఎన్నో ఏళ్లు అభ్యంతరం చెప్పాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నాటక ప్రదర్శనను నిషేధించింది, దానిమీద వివాదం హైకోర్టుకూ చేరింది. నాటకం మొత్తాన్ని ఆపేయడం రచయిత ఉద్దేశానికీ, దానిమీద బతికే కళాకారులకూ న్యాయం చేయలేదు. అయితే ఏళ్లకేళ్లు తమ ఇంటిపేర్లనూ ఒంటి తీరునూ రాత్రంతా ఎగతాళి చేస్తుంటే విన్నవాళ్ల బాధ కూడా తీసిపారేయదగింది కాదు.

సినిమాలో ఆడవేషం ప్రధానంగా సాగిన కథలు 1990ల్లో ఎక్కువగా వచ్చాయి. అశీ హీ బన్వాబన్వీ అనే మరాఠీ చిత్రం ఆధారంగా 1991లో పి.ఎన్. రామచంద్రరావు తీసిన చిత్రం భళారే విచిత్రంలో అద్దె ఇంటి కోసం నరేశ్ చీర కట్టవలసి వస్తుంది. సింగీతం శ్రీనివాసరావు రాజేంద్రప్రసాద్‌తో మేడమ్ తీశాడు, కమల్‌హాసన్ నటించిన తమిళ చిత్రం భామనే సత్యభామనే పేరుతో తెలుగులో ఆడింది. సింగీతం కనిగిరికి దక్షిణాన, పామూరు దాటాక వచ్చే ఉదయగిరిలో పుట్టినవాడు, మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. చీర వెనక ఉన్న మగవాణ్ణి చూపేటప్పుడు వెకిలితనం వైపు పోని నిగ్రహం ఆ గురువు దగ్గర నేర్చిందేనని అనిపిస్తుంది. ఈ కోవ చిత్రాల్లో తరచు కనిపించే ముసలి రసికుడు, చీరలో ఉన్న మగవాడి వెంటపడి నవ్వులపాలయ్యే పెద్దమనిషి, ఉత్తరకుమారుడికి ఇంకో రూపం. ఆడదానిగా నాలుగు రోజులు బతికిన కథానాయకుడికి బస్సులో, ఆఫీసులో, వీధిలో ఆడవాళ్లు పడే బాధ అర్థమయ్యే అవకాశం ఇందులో ఉంది. అమెరికాలో బిల్లీ వైల్డర్ 1959లోనే తీసిన సమ్ లైక్ ఇట్ హాట్ ఇంకో అడుగు ముందుకు వేసింది: తాను మగవాణ్ణని విగ్గు తీసి చూపించినా ముసలి ధనవంతుడు తన ప్రేమను వెనక్కి తీసుకోడు, ఆ క్షణంలో సినిమా ముగిసిపోతుంది. తెలుగులో విగ్గు తీసిన క్షణమే రసికుడి అవమానమూ కథానాయకుడి మగతనం తిరిగి రావడమూ ఒకేసారి జరుగుతాయి.

మగతనం కొలతలను సూటిగా పట్టుకున్న చిత్రం ఇ.వి.వి. సత్యనారాయణ 1990ల మొదట్లో తీసిన జంబలకిడిపంబ. ఒక మందు ప్రభావంతో ఊళ్లో మగవాళ్ల తీరు ఆడవాళ్లకూ, ఆడవాళ్ల తీరు మగవాళ్లకూ పట్టుకుంటుంది. మగవాళ్లు సిగ్గుపడుతూ ఇంటిపనుల్లో మునిగిపోతే ఆడవాళ్లు వీధుల్లో జులాయిగా తిరుగుతూ వాళ్లను ఏడిపిస్తారు. నరేశ్, ఆమని, కోట శ్రీనివాసరావు, బ్రహ్మానందం, బాబూమోహన్, శ్రీలక్ష్మి అందరూ కలిసి ఊగిపోయిన ఆ సినిమా రెండు పనులు ఒకేసారి చేసింది. ఆకతాయి ఏడిపింపు మగవాడి మీదికి తిరిగేసరికి, రోజూ చూసి చూసి ఎవరికీ పట్టని ఆ వేధింపు ఎంత వికారంగా ఉంటుందో హాల్లో కూర్చున్న మగవాళ్లకు ఉన్నట్టుండి కనిపించింది. అదే సమయంలో, చేతులు తిప్పుతూ మాట్లాడే మగవాడు ఎప్పుడు తెరమీదికి వచ్చినా నవ్వాలి అన్న అలవాటునూ అది బలపరిచింది. చివరికి లోకం యథాస్థితికి వస్తుంది, ఆడవాళ్లు మళ్లీ పాత చోటికి వెళతారు. ఇంత పదునైన ఊహ చేతిలో ఉండి కూడా దాన్ని చివరిదాకా నడపలేకపోవడం ఆ సినిమా లోపం.

ఆ అలవాటు తరవాతి ఇరవై ఏళ్లలో హాస్యరచయితలకు సులువైన దారి అయిపోయింది. ఇద్దరు మగవాళ్లు కాలుజారి ఒకరి మీద ఒకరు పడతారు, తలుపు తెరుచుకుని మూడోవాడు చూస్తాడు, వాడి ముఖం మారుతుంది, నేపథ్యంలో ఒక వింత సంగీతం వినిపిస్తుంది, హాలు నవ్వుతుంది. ఇందులో హాస్యం అనదగ్గది ఏదీ లేదు. మగవాడు మగవాణ్ణి ప్రేమించడం అసహ్యమని ప్రేక్షకుడు ముందే ఒప్పుకుని వచ్చాడన్న నమ్మకం మీదే అది నడుస్తుంది. అటువంటివాళ్లను తేడాగాళ్లు అనడం సినిమా నుంచి కాలేజీకీ, కాలేజీ నుంచి బస్టాండుకూ పాకింది. తెర మీది హిజ్రాలు కూడా చాలాకాలం చప్పట్లు కొట్టి డబ్బులడిగి కథానాయకుణ్ణి ఇబ్బంది పెట్టేందుకే కనిపించారు. పుట్టినప్పుడు మగ అని రాసిన శరీరంలో ఆడమనిషిగా తనను తాను గుర్తించుకునే వ్యక్తిని ఇప్పుడు ట్రాన్స్ మహిళ అంటున్నారు. ఆ సమాజంవాళ్లకు చట్టపరమైన గుర్తింపు 2014 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది, పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదన్న తీర్పు 2018 సెప్టెంబరులో వచ్చింది, హిజ్రాలను పుట్టు నేరస్థుల్లా చూసిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసింది.

న్యాయస్థానం కంటే ముందే ఒక భయహాస్యచిత్రం ఈ దిశగా కొంత కదలడం విశేషం. రాఘవ లారెన్స్ 2011లో తీసిన కాంచనలో కథానాయకుడు దయ్యాలంటే హడలిపోయి రాత్రిళ్లు తల్లి పక్కన పడుకునే పెద్దవాడు, అంటే నవ్వు అతని పిరికితనం మీదే మొదలవుతుంది. అతన్ని ఆవహించే కాంచన ఒక ట్రాన్స్ మహిళ, కండలు తిరిగిన పాత్రలకు పేరుపడ్డ శరత్‌కుమార్ ఆ వేషం వేశాడు. ఇంట్లోంచి గెంటేస్తే బయట బతికి, తనలాంటి ఒక పిల్లను చదివించి, భూమి కోసం హత్యకు గురైన ఆమె కథ మొదలయ్యాక ఆమె మాటల్లో వెటకారానికి తావు లేదు. చనిపోయి దయ్యమైతే గానీ ఆమెకు గౌరవం దొరకలేదన్న విమర్శ సరైనదే. అయినా కాంచన కన్నీళ్లు చూసి హాల్లో కళ్లు తుడుచుకున్నవాళ్లు అంతకు ముందు ఇటువంటి పాత్రల్ని చూసి నవ్వినవాళ్లేనన్నది మరిచిపోరాదు.

టీవీలో ఈ కథ మరో దారి పట్టింది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన జబర్దస్త్‌లో భార్య, అత్త, మరదలు పాత్రల్లో ఎక్కువగా మగనటులే కనిపించారు, లేడీ గెటప్ అన్నది అక్కడ ఒక వృత్తిగా స్థిరపడింది. పల్లెల నుంచి వచ్చిన ఎందరో పేద కళాకారులకు అది అన్నం పెట్టింది. స్కిట్‌లో మాత్రం వాళ్ల మీద వాళ్లే, వాళ్ల శరీరాల మీద జట్టు నాయకుడే పంచ్‌లు వేయాలన్నది రివాజు అయింది. ఆ వేదిక మీద ఆడవేషాలు వేసిన ప్రియాంక సింగ్ తాను ట్రాన్స్ మహిళనని బహిరంగంగా చెప్పుకుని 2021లో బిగ్ బాస్ ఐదో సీజన్‌లో పాల్గొన్నప్పుడు, అదే ప్రేక్షకులు ఆమెను స్కిట్ పంచ్‌ల మధ్య కాక, వంటచేస్తూ, పోట్లాడుతూ, తండ్రిని తలచుకుని ఏడుస్తూ వారాల తరబడి చూశారు.

ఇలా శరీరాల మీద వేసే జోకుల్లో వికలాంగుల విషయంలో మాత్రం నియమాలు కొంచెం స్పష్టంగా ఉన్నాయి. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవాళ్లను ఎగతాళి చేసే దృశ్యాలు ఉండరాదని 1991 నాటి సెన్సార్ మార్గదర్శకాలు చెప్పాయి, 2024 జులైలో సుప్రీంకోర్టు వైకల్యాన్ని కించపరిచే హాస్యాన్నీ, వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యాన్నీ వేరువేరుగా చూడాలని చెప్పింది. ప్రకాశం జిల్లాలో పుట్టిన అనిల్ రావిపూడి ఈ రెండు రకాలనూ తీశాడు: 2017 నాటి రాజా ది గ్రేట్‌లో చూపులేని కథానాయకుడు తన గుడ్డితనం మీద తానే జోకులు వేస్తూ ఎదుటివాడిని చిత్తు చేస్తాడు, 2022 నాటి ఎఫ్3లో రేచీకటీ నత్తీ కేవలం నవ్వుల సరుకుగా మిగిలాయి. లైంగికత విషయంలో ఇటువంటి తేడాను వివరంగా చెప్పిన నియమం సెన్సార్ దగ్గర లేదు.

ఇటీవలి చిన్న చిత్రాలు పాత కొలతలను ఒక్కొక్కటే వదులుకుంటున్నాయి. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన పెళ్లిచూపులులో ఇంజనీరింగ్ ఇష్టంలేని కుర్రవాడు వంటలో తన బతుకు వెతుక్కుంటాడు, వ్యాపారం నడిపేది అమ్మాయి. కనిగిరి, పామూరు, వెలిగండ్ల ప్రాంతాల నుంచి వానలు లేక బెంగళూరుకూ హైదరాబాదుకూ బేల్దారి పనులకు పోయే మగవాళ్లు కట్టడం దగ్గర షెడ్లలో ఉంటూ వంతులేసుకుని వండుకుంటారు, బట్టలుతుక్కుంటారు. వాళ్లకు వంటచేసే మగవాడు నవ్వులాట కాదు, రోజువారీ సంగతి. సినిమాలు మాత్రం ఆ సంగతిని ఇప్పుడిప్పుడే గుర్తిస్తున్నాయి. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన అ! చిత్రంలో ఒక అమ్మాయి తాను పెళ్లాడబోయే వ్యక్తిని హోటల్లో తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది, క్రిష్ అన్న పేరు విని అబ్బాయి కోసం ఎదురుచూస్తున్న వాళ్ల ముందుకు ఇంకో అమ్మాయి వచ్చి కూర్చుంటుంది. నవ్వు ఆ ఇద్దరమ్మాయిల మీద కాక తల్లిదండ్రుల తడబాటు మీద పుడుతుంది. 2022లో వివేక్ ఆత్రేయ తీసిన అంటే సుందరానికీ చిత్రంలో నాని పోషించిన బ్రాహ్మణ కుర్రవాడు, క్రైస్తవ అమ్మాయితో పెళ్లికి ఇంట్లో ఒప్పించడానికి, తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని అబద్ధం చెబుతాడు. ఒక తెలుగు కథానాయకుడు తన మగతనాన్ని తానే తక్కువ చేసుకుని, ఆ అబద్ధంతోనే కథంతా నడుపుతాడు. ఆచారం గురించీ వంశం గురించీ అంతకాలం గట్టిగా మాట్లాడిన పెద్దలు డాక్టర్ గదిలో గొంతు తగ్గించి, కొడుకు ముఖం చూడలేక నేలచూపులు చూస్తుంటే ప్రేక్షకుడు నవ్వేది ఆ పెద్దల గాభరాను చూసి.